బట్టీలో పుట్టే బ్యాటరీ

*స్కూటర్ బ్యాటరీలో ఉండే ఆరేడు కిలోల నల్లపొడి ఫార్ములా 1997 నుంచీ అచ్చులో ఉంది. దాన్ని టన్నుల లెక్కన తయారుచేసే విద్య మాత్రం దాదాపుగా ఒక్క దేశం దగ్గరే ఉండిపోయింది. ఎందుకని?*

2019 డిసెంబరు 8. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలోని ఆలా మాగ్నా సభామందిరం. ఆ ఏటి రసాయన శాస్త్ర నోబెల్ విజేతలు ముగ్గురూ తమ పరిశోధన గురించి ప్రసంగించాల్సిన రోజు. ముగ్గురిలో పెద్దాయన జాన్ గుడెనఫ్‌కి 97 ఏళ్లు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు అంతకుముందు లేరు. ఆయన వంతు రాగానే గురువు తరఫున ప్రసంగించింది శిష్యుడు అరుముగం మంతిరామ్. తమిళనాడు దక్షిణాన అమరాపురం అనే చిన్న పల్లెలో పుట్టారాయన. మద్రాసు ఐఐటీలో డాక్టరేట్ చేశారు, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, 1985లో గుడెనఫ్ దగ్గర పనిచేయడానికి ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. మరుసటి ఏడు గురువు టెక్సస్ మారితే వెంట వెళ్లి అక్కడే ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. ఆ రోజు ఆయన చెప్పిందంతా ఒకే వస్తువు గురించి: లిథియం అయాన్ బ్యాటరీలోని క్యాథోడ్.

అది జరిగి ఆరేళ్లు నిండకముందే, 2025 జులైలో, చైనా వాణిజ్య శాఖ ఒక జాబితా సవరించింది. దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన సాంకేతికతల జాబితా అది. అందులో బ్యాటరీ క్యాథోడ్ పదార్థాల తయారీని, ముఖ్యంగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తయారీని కొత్తగా చేర్చింది. ఎల్‌ఎఫ్‌పీ అని పొట్టిగా పిలిచే ఈ పదార్థం చైనాలో పుట్టింది కాదు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ ప్రయోగశాలలో పుట్టింది. 1997లో వెలువడిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లుంటే వాటిలో రెండు మన దేశపు పేర్లే: పాఢీ, నంజుండస్వామి. కీలక పేటెంట్ల గడువు కూడా 2022 నాటికి తీరిపోయింది. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా చేసుకోవచ్చు. మరి అందరికీ తెలిసిన దాన్ని చైనా తాళం వేసి దాచుకోవడం ఏమిటి? దీనికి జవాబు దొరికితే, కొత్త బ్యాటరీ కనిపెట్టారంటూ రెండు నెలలకోసారి వచ్చే వార్తలను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది. ఈ కథనం వాదన సూటిగా చెప్పాలంటే, క్యాథోడ్ విషయంలో కనిపెట్టడం పనిలో చిన్న భాగం. మిగతాదంతా బట్టీ దగ్గర, మిల్లు దగ్గర, జల్లెడ దగ్గర జరుగుతుంది. మనం వెనకబడింది అక్కడే.

లిథియం పుట్టిల్లు

లిథియం అయాన్ బ్యాటరీలో ఒకవైపు రాగి రేకు మీద గ్రాఫైట్ పూత ఉంటుంది. అది ఆనోడ్. రెండోవైపు అల్యూమినియం రేకు మీద నల్లపొడి పూత ఉంటుంది. అది క్యాథోడ్. ఫ్యాక్టరీలో సెల్ మూత వేసేనాటికి లిథియం అంతా క్యాథోడ్‌లోనే ఉంటుంది. చార్జింగ్ పెడితే అక్కణ్నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల మధ్యకు చేరుతుంది, బండి నడుస్తుంటే తిరిగొస్తుంది. వేలసార్లు ఇలా ఖాళీ అయి నిండుతున్నా క్యాథోడ్ స్ఫటికం కూలిపోకూడదు, వేడెక్కినా ఆక్సిజన్ వదలకూడదు, ఖరీదైన లోహాలు అడగకూడదు. ఇవన్నీ ఒకేచోట కుదరవు కాబట్టే యాభై ఏళ్లుగా ఈ వెతుకులాట. బండి ఎంత దూరం పోతుంది, ఎంత బరువు, ఎంత ధర, మంటలంటుకుంటే ఎంత తీవ్రంగా మండుతుంది అన్నవాటిని ఎక్కువగా నిర్ణయించేది ఈ పొడే.

1970లలో అమెరికా చమురు సంస్థ ఎక్సాన్‌లో స్టాన్లీ విటింగామ్ టైటానియం డైసల్ఫైడ్‌తో మొదలుపెట్టారు. రెండో ధ్రువంగా లిథియం లోహాన్నే వాడటంతో అది మంటలకు దారితీసింది. సల్ఫైడ్‌కి బదులు ఆక్సైడ్ అయితే వోల్టేజీ పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో గుడెనఫ్ ఊహించారు. జపాన్ నుంచి వచ్చిన కొయిచి మిజుషిమాతో కలిసి 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో 4 వోల్టులు సాధించారు. పేటెంటు తీసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ ఆసక్తి చూపలేదు. హక్కులు హార్వెల్‌లోని బ్రిటన్ అణుశక్తి పరిశోధన కేంద్రానికి వెళ్లాయి. గుడెనఫ్‌కు దానిమీద రాయల్టీ రాలేదు. 1985లో జపాన్‌లోని అసాహి కాసేయి సంస్థలో అకీరా యోషినో లిథియం లోహాన్ని తీసేసి కార్బన్ ఆనోడ్ పెట్టారు. 1991లో సోనీ దాన్ని బజారులోకి తెచ్చింది. కనిపెట్టినవారు బ్రిటన్‌లో, అమ్మినవారు జపాన్‌లో. ఇదే కథ తర్వాత మరింత పెద్ద ఎత్తున మళ్లీ నడిచింది.

> క్యాథోడ్ కుటుంబం
> కోబాల్ట్ ఆక్సైడ్: ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 274 మిల్లీ ఆంపియర్ గంటలు పట్టాలి. లిథియంలో సగానికి మించి లాగితే స్ఫటికం చెదురుతుంది కాబట్టి మొదట్లో అందులో సగమే వాడుకోగలిగారు.
> ఎన్‌ఎమ్‌సీ: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది. ఎక్కువ దూరం పోయే కార్లకు.
> ఎల్‌ఎఫ్‌పీ: ఇనుము, ఫాస్ఫేట్. గ్రాముకు 170, వోల్టేజీ 3.4 దగ్గర. చవక, మన్నిక.
> ఎల్‌ఎమ్‌ఎఫ్‌పీ: ఎల్‌ఎఫ్‌పీలో కొంత ఇనుము బదులు మాంగనీస్. వోల్టేజీ 4.1 దాకా పెరుగుతుంది.

కొల్వేజీ గుంతల నుంచి జకార్తా దాకా

కొత్త క్యాథోడ్ కోసం తహతహకు సగం కారణం రసాయనశాస్త్రం కాదు, కోబాల్ట్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోదే. కొల్వేజీ చుట్టుపక్కల పెద్ద కంపెనీల గనులతోపాటు చేతులతో, పారలతో తవ్వే గుంతలూ ఉన్నాయి. దక్షిణ కాంగో గనుల్లో దాదాపు 40,000 మంది పిల్లలు పనిచేస్తున్నారని 2014లో యునిసెఫ్ అంచనా వేసింది. మాస్కులు, చేతి తొడుగులు లేకుండా రోజంతా ఖనిజం ఏరే, కడిగే, మోసే ఆ పిల్లల గురించి 2016లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక వెలువరించాక ఫోన్, కార్ల కంపెనీలకు జవాబు చెప్పక తప్పలేదు. అంతరాత్మ కంటే ధర బలంగా పనిచేసిందనుకోవాలి. 2018లో టన్ను కోబాల్ట్ 90,000 డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరికల్లా ధర ఎంతగా పడిపోయిందంటే కాంగో ప్రభుత్వమే ఎగుమతులు ఆపేసింది, ఆ తర్వాత కోటాలు పెట్టింది. ఒక దేశపు నిర్ణయంతో ఇంత ఊగిసలాడే లోహం మీద ఎవరు మాత్రం దీర్ఘకాలిక ప్రణాళిక వేసుకుంటారు?

అందుకే ఎన్‌ఎమ్‌సీలో కోబాల్ట్ తగ్గించి నికెల్ పెంచుతూ వచ్చారు. మొదట్లో మూడు లోహాలూ సమపాళ్లు. ఇప్పుడు పదింట ఎనిమిది పాళ్లు నికెల్, ఒక్కోపాలు మిగతా రెండూ. బరువు పెరగకుండా దూరం పెరిగింది. కానీ నికెల్ పెరిగినకొద్దీ క్యాథోడ్ వేడికి త్వరగా బెదురుతుంది. 200 డిగ్రీల ప్రాంతంలో స్ఫటికం విచ్చుకుని ఆక్సిజన్ వదులుతుంది. పక్కనే మండే ద్రావకం ఉంటుంది. ఇక సరఫరా సంగతి చూస్తే, ప్రపంచ నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియాదే. 2020లో ఆ దేశం ముడి ఖనిజం ఎగుమతులు నిషేధించింది. 2022 మార్చిలో లండన్ లోహాల ఎక్స్ఛేంజీలో టన్ను నికెల్ లక్ష డాలర్లు దాటితే ఆ రోజు లావాదేవీలనే రద్దు చేయాల్సి వచ్చింది. కాంగో మీద ఆధారం తగ్గిందని సంతోషించేలోపే ఇండోనేషియా మీద ఆధారం పెరిగింది.

ఎవరికీ పట్టని ఇనుము

ఇనుము, ఫాస్ఫేట్ అన్నిచోట్లా దొరుకుతాయి. మంతిరామ్, గుడెనఫ్ 1980ల చివర్లోనే సల్ఫేట్ లాంటి సమూహాలను ఇనుముతో జత చేస్తే వోల్టేజీ పెరుగుతుందని చూపించారు. ఆ దారిలోనే నడిచి టెక్సస్ ప్రయోగశాలలో అక్షయ పాఢీ ఎల్‌ఎఫ్‌పీ దగ్గరకు చేరారు. ఫాస్ఫరస్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి వేడెక్కినా వదలదు. అయినా ఎవరూ ఎగిరి గంతేయలేదు. ఆ పదార్థంలో విద్యుత్తు దాదాపు ప్రవహించదు. నెమ్మదిగా వాడితేనే లిథియం బయటికి వస్తుంది, అదీ పూర్తిగా కాదు. తక్కువ శక్తితో నడిచే బ్యాటరీలకు మంచి అభ్యర్థి అని మాత్రమే 1997 నాటి పత్రం చెప్పుకుంది. కనిపెట్టినవారే అంతకుమించి ఆశపడలేదన్నమాట.

తర్వాత జరిగిందంతా తయారీ పనే. రేణువులను మైక్రాన్‌కన్నా చిన్నవి చేస్తే లిథియం నడవాల్సిన దూరం తగ్గుతుంది. ఒక్కో రేణువుకూ పలచని కార్బన్ పొర తొడిగితే విద్యుత్తు పారుతుంది. మాంట్రియల్‌లో మిషెల్ ఆర్మాండ్ బృందం, హైడ్రో క్వెబెక్ సంస్థ 1999 ప్రాంతంలో ఈ కార్బన్ పూత చూపించాయి. అమెరికాలో ఎమ్‌ఐటీ నుంచి యెట్ మింగ్ చియాంగ్ తదితరులు 2001లో ఏ123 సిస్టమ్స్ స్థాపించి, అమెరికా ప్రభుత్వం నుంచి 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు కూడా సంపాదించారు. ఆ సంస్థ 2012 అక్టోబరులో దివాలా తీసింది. దానికి పలు కారణాలున్నా ఒకటి మాత్రం గుర్తుంచుకోదగ్గది. మిషిగన్ ప్లాంటులో ఒక వెల్డింగ్ యంత్రాన్ని సరిగా సర్దకపోవడంతో లోపమున్న సెల్స్ బయటికెళ్లాయి. వాటిని మార్చడానికి దాదాపు 5.5 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని సంస్థ ప్రకటించింది. రసాయనశాస్త్రం నిలబడింది, షాప్ ఫ్లోర్ కూలింది. మరుసటి ఏడు చైనా సంస్థ వాన్‌షియాంగ్ దాన్ని కొనేసింది.

చైనాలోనూ దారి సాఫీగా లేదు. 2016 తర్వాత అక్కడి ప్రభుత్వ సబ్సిడీలు ఎక్కువ దూరం పోయే బండ్లకే మొగ్గు చూపడంతో ఎల్‌ఎఫ్‌పీ వాటా పడిపోయింది. 2019లో సబ్సిడీలు తెగ్గోయగానే ధర ముఖ్యమైంది, ఎల్‌ఎఫ్‌పీ తిరిగొచ్చింది. 2020లో చైనా కార్ల సంస్థ బీవైడీ బ్లేడ్ బ్యాటరీ వచ్చింది. పొడవాటి పలచని సెల్స్‌ను నేరుగా ప్యాక్‌లో అమర్చి, పొడిలో ఉన్న లోటును అమరికతో పూడ్చారు. అదే ఏడు చైనాలో తయారయ్యే టెస్లా కార్లలోకీ ఎల్‌ఎఫ్‌పీ చేరింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచ విద్యుత్ వాహనాల బ్యాటరీ సామర్థ్యంలో 40 శాతానికి పైగా, 2024లో దాదాపు సగం ఇదే. ఆ పొడిలో దాదాపు అంతా చైనాలోనే తయారవుతోంది.

> 3 కోట్ల డాలర్ల రాజీ
> జపాన్ టెలిఫోన్ సంస్థ ఎన్‌టీటీ నుంచి ఒక పరిశోధకుడు గుడెనఫ్ ప్రయోగశాలకు అతిథిగా వచ్చి వెళ్లాక, 1995లో ఎన్‌టీటీ ఎల్‌ఎఫ్‌పీ తరహా పదార్థాలపై జపాన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. తమ పరిశోధనను వాడుకున్నారని టెక్సస్ విశ్వవిద్యాలయం 2001లో దావా వేసింది. 2008లో ఎన్‌టీటీ 3 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవడంతో రాజీ కుదిరింది. అమెరికా, కెనడా, జపాన్ సంస్థలు న్యాయస్థానాల్లో ఇలా తలపడుతున్న ఏళ్లలోనే చైనాలో బట్టీలు వెలిగాయి.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ వేసవి వార్తలు చదివినవారికి లిథియం బ్యాటరీ అంటేనే గుండె గుభేలుమంటుంది. ఎల్‌ఎఫ్‌పీ వస్తే ఆ భయం పోతుందా? తగ్గుతుంది, పోదు. క్యాథోడ్ ఆక్సిజన్ వదలకపోయినా లోపలి ద్రావకం మండేదే. సెల్ నాణ్యత, ప్యాక్ రూపకల్పన, చార్జింగ్‌ను అదుపు చేసే ఎలక్ట్రానిక్స్ సరిగా లేకపోతే ఏ రసాయనమూ కాపాడదు. ఆ ప్రమాదాలపై వేసిన నిపుణుల కమిటీ పరిశీలనలో బయటపడినవీ సెల్స్‌లో, ప్యాక్ రూపకల్పనలో లోపాలే. ఆ తర్వాత కేంద్రం భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. ఎల్‌ఎఫ్‌పీ ఇచ్చేది తప్పుకు కాస్త ఎక్కువ వెసులుబాటు. మన ఎండల్లో, మన చార్జింగ్ అలవాట్లలో ఆ కాస్తా తక్కువేం కాదు.

బట్టీ దగ్గర ఏం జరుగుతుంది?

ఎల్‌ఎఫ్‌పీ తయారీ వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఐరన్ ఫాస్ఫేట్, లిథియం కార్బొనేట్, కొంత గ్లూకోజు. నీళ్లలో కలిపి మెత్తగా నూరాలి, వేడిగాలిలోకి చిమ్మి ఆరబెట్టాలి, నైట్రోజన్ నింపిన బట్టీలో 700 డిగ్రీలకు పైగా గంటల తరబడి కాల్చాలి. గ్లూకోజు మాడి కార్బన్ పొరగా మారుతుంది. చల్లార్చి మళ్లీ పొడి చేసి, జల్లించి, తేమ తగలకుండా మూట కట్టాలి. చదువుతుంటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ కుమ్మరి ఆవం దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు, మట్టి ఒకటే, కుండ ఒకటే, పగిలేదీ మిగిలేదీ మంట చేతిలో ఉంటుందని.

బట్టీలోకి కాస్త గాలి చొరబడితే ఇనుము ఆక్సీకరణం చెంది సరుకు పాడవుతుంది. మంట ఎక్కువైతే రేణువులు పెరిగిపోయి లిథియం నడక మందగిస్తుంది, ఇనుము ఫాస్ఫైడ్‌గా మారే ప్రమాదమూ ఉంది. తక్కువైతే చర్య పూర్తికాదు. ప్రయోగశాలలో చిన్న గిన్నెలో కాల్చినప్పుడు పొడి అంతటా ఒకే వేడి తగులుతుంది. ఫ్యాక్టరీలో మంటకు తట్టుకునే పెట్టెల్లో పొడి నింపి రోలర్ల మీద కదిలే పొడవాటి బట్టీలోంచి పంపుతారు. పెట్టె మధ్యలో ఒక వేడి, అంచున ఒక వేడి. ఏ గంటలో ఎంత నైట్రోజన్, ఏ అరలో ఎంత మంట, పెట్టెలో ఎన్ని అంగుళాల పొడి అన్నవి పరిశోధన పత్రాల్లో దొరకవు. పాడైన బ్యాచ్‌లు చూసిన ఇంజినీర్ల డైరీల్లో ఉంటాయి. పైగా యంత్రాల నుంచి రాలే ఇనుప రజను ఇంకో తలనొప్పి. సెల్‌లోకి వెళ్లిన లోహపు నలుసు కరిగి అవతలి ధ్రువం మీద పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారితీయగలదు. అందుకే దశదశలోనూ అయస్కాంతాలు పెట్టి, వందకోట్ల భాగాల్లో ఎన్ని భాగాలని లెక్కగడతారు.

ఇప్పటి పోటీ పొడి ఎంత గట్టిగా అణుగుతుందన్న దానిమీద. అదే రేకు మీద, అదే మందంలో ఎక్కువ పొడి పడితే బండి ఎక్కువ దూరం పోతుంది. ఘన సెంటీమీటరుకు 2.4 గ్రాముల దగ్గర మొదలైన మామూలు పొడి నుంచి 2.6 దాకా చేరుకోవడానికి పెద్ద, చిన్న రేణువులను సరైన పాళ్లలో కలపాలి, రెండుసార్లు కాల్చాలి. చైనా ఆంక్షల్లో పేర్కొన్న హద్దు ఘన సెంటీమీటరుకు 2.58 గ్రాములు. అంటే వాళ్లు తాళం వేసింది ఎల్‌ఎఫ్‌పీ ఫార్ములాకు కాదు, బట్టీ దగ్గర పోగుచేసుకున్న ఆ పైమెట్టు అనుభవానికి. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క అంకెలో ఉంది.

"కంప్యూటరే కనిపెట్టేస్తుంది కదా"

కృత్రిమ మేధ వచ్చాక ఈ పాత కథ చెల్లదని వాదించేవారున్నారు. 2023 నవంబరులో గూగుల్ డీప్‌మైండ్ 22 లక్షల కొత్త స్ఫటికాలను అంచనా వేసింది, వాటిలో 3.8 లక్షలు స్థిరంగా ఉంటాయంది. లిథియం అయాన్లు బాగా కదిలే అవకాశమున్నవి 528 ఉన్నాయంది. ఇది చిన్న విషయం కాదు. ఒక విద్యార్థి ఐదేళ్ల డాక్టరేట్‌లో వడపోసేదాన్ని యంత్రం ఓ వారంలో వడపోస్తే మంచిదే. కానీ ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడాలి. కోబాల్ట్ ఆక్సైడ్‌కు ప్రయోగశాల నుంచి దుకాణానికి 11 ఏళ్లు పట్టింది. ఎల్‌ఎఫ్‌పీకి 1997 నుంచి కార్లలో పైచేయి సాధించేదాకా పాతికేళ్లు. ఆ పాతికేళ్లలో ఎల్‌ఎఫ్‌పీ ఫార్ములా మారింది లేదు. ఉన్నదాన్ని నమ్మకంగా, చవగ్గా, టన్నుల్లో చేయడం నేర్చుకున్నారు. నాణెమంత సెల్‌లో కొన్ని మిల్లీగ్రాములతో సాధించిన ఫలితానికి, ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చే కారులో పెట్టే పొడికి మధ్య ఉన్న దూరాన్ని కంప్యూటర్ ఇంకా పెద్దగా తగ్గించలేదు. నిజానికి రాబోయేవి కూడా కొత్తవేం కాదు. జనరల్ మోటార్స్, ఎల్జీ 2028లో తెస్తామన్న మాంగనీస్ ఎక్కువగా ఉండే క్యాథోడ్ మీద రెండు దశాబ్దాలకు పైగా పరిశోధన నడుస్తూనే ఉంది.

దివిటిపల్లి లెక్కలు

ఈ కథలో తెలుగు నేలకు నిజంగానే చోటుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల పెట్టుబడితో, 16 గిగావాట్ అవర్ల దాకా సెల్స్ చేసే కారిడార్ ప్రకటించింది. 2023లో శంకుస్థాపన జరిగింది. ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ సాంకేతికత కోసం 2024లో చైనా గోషన్ హైటెక్ అనుబంధ సంస్థతో లైసెన్స్ ఒప్పందం చేసుకుంది. అక్కడే క్యాథోడ్ పొడి చేయడానికి ఆల్ట్‌మిన్ అనే హైదరాబాద్ సంస్థ సిద్ధమవుతోంది. బాలాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఆర్కీ రూపొందించిన ఎల్‌ఎఫ్‌పీ పద్ధతిని ఈ సంస్థ తీసుకుంది. పత్రికల్లో రియాసీ లిథియానికి దొరికిన పతాక శీర్షికల్లో పదోవంతు కూడా ఈ పొడి వార్తకు దక్కలేదు. జమ్మూ కశ్మీర్‌లోని ఆ రియాసీలో 59 లక్షల టన్నుల ఖనిజం ఉందన్న 2023 ప్రకటన తర్వాత వేలం వేస్తే తగినంతమంది బిడ్డర్లు కూడా రాలేదు. ఖనిజం ఉన్నా శుద్ధి చేసే ప్లాంటు, పొడి చేసే బట్టీ లేకపోతే అది మట్టే.

> లెక్క చూస్తే
> ఒక కిలోవాట్ అవర్‌కు రెండు కిలోలకు పైగా ఎల్‌ఎఫ్‌పీ కావాలి. 3 కిలోవాట్ అవర్ల స్కూటర్‌కు దాదాపు 7 కిలోలు.
> టన్ను ఎల్‌ఎఫ్‌పీకి సుమారు 235 కిలోల లిథియం కార్బొనేట్ పడుతుంది.
> 16 గిగావాట్ అవర్ల ఫ్యాక్టరీ పూర్తిగా నడిస్తే ఏటా 35,000 టన్నుల దాకా పొడి అవసరం.
> లిథియం కార్బొనేట్ ధర 2022 చివర్లో చైనాలో టన్ను 6 లక్షల యువాన్లు తాకింది. 2025 మధ్యలో 60,000.

చవగ్గా దొరికేది కొనుక్కోకుండా ఈ తంటాలెందుకన్నది ఇంకో వాదన. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2025 మధ్యలో చైనాలో ఎల్‌ఎఫ్‌పీ పొడి కిలో దాదాపు 400 రూపాయలకు దిగింది. అక్కడ సామర్థ్యం మితిమీరి పెరిగి తయారీదారుల్లో పలువురు అప్పట్లో నష్టాలకు అమ్మారు. కొత్తగా మొదలయ్యే మన ప్లాంటు ఆ ధరకు ఇవ్వలేదు, ఇస్తానని చెప్పినా నమ్మనక్కర్లేదు. పాతిక శాతం ఎక్కువ అనుకుందాం. స్కూటర్ కొనేవారి మీద పడేది 700 రూపాయలు. లక్ష రూపాయల బండి మీద అది పెద్ద మొత్తం కాదు. అదే తేడాను 35,000 టన్నులకు లెక్కిస్తే ఏటా 350 కోట్లు. ఏ సెల్ ఫ్యాక్టరీ తనంత తానుగా అంత భరించదు. సమస్యంతా ఈ రెండు అంకెల మధ్య ఉంది: దేశానికి చిన్నది, కంపెనీకి పెద్దది.

2021లో కేంద్రం బ్యాటరీ సెల్స్‌కు ప్రకటించిన 18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ఈ సంగతిని సగమే గుర్తించింది. ఐదేళ్లలో 60 శాతం విలువ దేశంలోనే జోడించాలని షరతు పెట్టింది. సెల్ పదార్థాల ఖర్చులో అతిపెద్ద వాటా క్యాథోడ్‌దే కాబట్టి పొడి ఇక్కడ తయారు కాకుండా ఆ షరతు తీరడం చాలా కష్టం. అయితే డబ్బు సెల్ చేసేవారికి, అదీ చేసి అమ్మాకే. పొడి చేసేవారు మొదటి మూడు నాలుగేళ్లు పాడుచేసుకోవాల్సిన బ్యాచ్‌ల ఖర్చు ఎవరిదో అందులో లేదు. చైనాలో ఆ ఖర్చును పోటాపోటీగా పెట్టుబడి పెట్టిన కంపెనీలు, స్థానిక ప్రభుత్వాలు, మార్కెట్ కలిసి మోశాయి. ఎరువుల కంపెనీలు తమ ఫాస్ఫారిక్ ఆమ్లంతో, టైటానియం పరిశ్రమలు తమకు చెత్తగా మిగిలే ఐరన్ సల్ఫేట్‌తో ఈ రంగంలోకి దిగాయి. విశాఖలోనూ ఎరువుల కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం తయారవుతోంది. బ్యాటరీకి కావాల్సినంత శుద్ధి చేయడం వేరే పని, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పని మాత్రం కాదు. ముడి ఫాస్ఫేట్ రాయిని మనం ఎక్కువగా దిగుమతి చేసుకుంటామన్నది ఇక్కడ దాచకూడని ఇబ్బంది.

రేపు సోడియం బ్యాటరీ వస్తే ఈ బట్టీలన్నీ మూలపడవా అని చివరి సందేహం. చైనా బ్యాటరీ సంస్థ సీఏటీఎల్ 2021 నుంచీ సోడియం సెల్స్ చూపిస్తోంది. రిలయన్స్ 2022లో బ్రిటన్‌కు చెందిన సోడియం సంస్థ ఫారడియాన్‌ను 10 కోట్ల పౌండ్ల విలువకు కొనుగోలు చేసింది. కాబట్టి భయం నిరాధారం కాదు. అయితే సోడియం క్యాథోడ్లలో ముందున్న ఒక రకం సోడియం, ఇనుము, ఫాస్ఫేట్‌ల కలయికే. దానికీ నూరడం, ఆరబెట్టడం, నైట్రోజన్ బట్టీలో కాల్చడం తప్పవు. ఎల్‌ఎమ్‌ఎఫ్‌పీకీ అంతే. అందులో పడే మాంగనీస్ విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల్లో తరాలుగా తవ్వుతున్నదే, బ్యాటరీ స్థాయికి శుద్ధి చేసే దారి వేయాలి అంతే. రసాయనం మారినా మిల్లు, బట్టీ, జల్లెడ, వాటిని నడిపే చేతులు ఎక్కువ భాగం మిగులుతాయి. మారేది ముడిసరుకు సంచి.

మరి మొదటి గిరాకీ ఎక్కణ్నుంచి రావాలి? కార్ల కంపెనీలు 2.6 సాంద్రత అడుగుతాయి, పైగా కొత్త పొడిని ఒప్పుకోవడానికి ఏడాదికి పైగా పరీక్షిస్తాయి. సౌర విద్యుత్తును పగలు దాచి రాత్రి ఇచ్చే గ్రిడ్ నిల్వ కేంద్రాలకు ఆ పట్టింపు లేదు. కదలని బ్యాటరీకి బరువు సమస్య కాదు, స్థలం అంత సమస్య కాదు, మన్నికే ముఖ్యం. 2.4 సాంద్రత పొడి అక్కడ చక్కగా సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడు అలాంటి కేంద్రాలకు టెండర్లు పిలుస్తున్నాయి. 500 మెగావాట్ అవర్ల కేంద్రం ఒక్కదానికే వెయ్యి టన్నులకు పైగా పొడి కావాలి. ఆ టెండర్లలో ఓ పదో వంతు దేశంలో చేసిన క్యాథోడ్‌తో ఉండాలని ఒక్క నిబంధన రాస్తే, దివిటిపల్లి బట్టీకి మొదటి వంద టన్నుల గిరాకీ ఖాయమవుతుంది. పాడయ్యే బ్యాచ్‌లు పాడవుతూనే, పొడి అమ్ముడవుతూ ఉంటుంది.